ఊరి పని లెక్కను ఇంటర్నెట్‌లో తేల్చి, అవినీతిని బయటపెట్టడం ఎలా?

మీ వీధిలో వేసిన సిమెంటు రోడ్డు ఏడాది తిరక్కుండానే పొరలు పొరలుగా లేచిపోతున్నప్పుడు, దాన్ని ఫోనుతో వీడియో తీసి "చూడండి అవినీతి" అని పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ వీడియో రోడ్డు పాడైందని మాత్రమే చెప్పగలదు. డబ్బు తిన్నారని చెప్పలేదు. డబ్బు తిన్నారని చెప్పాలంటే, ప్రభుత్వం తన చేత్తో తాను రాసుకున్న లెక్కను ఒక పక్కన, నేల మీద ఉన్న నిజాన్ని మరో పక్కన నిలబెట్టి, రెండింటికీ నడుమ ఉన్న తేడాను అంకెల్లో చూపించాలి. ఇంటర్నెట్ మనకిచ్చిన అసలు బలం అరవడానికి దొరికిన వేదిక కాదు. ఒకప్పుడు బీరువాలో తాళం వేసి దాచిన ఆ లెక్క ఇప్పుడు చాలావరకు మన చేతి ఫోనులో తెరుచుకోవడం. అందుకే ఈ పద్ధతిలో పోస్టు పెట్టడం దాదాపు చివర్లో వస్తుంది.

ముందుగా ఒకే ఒక్క పనిని ఎంచుకోండి

పంచాయతీ మొత్తం అవినీతిని ఒకేసారి బయటపెట్టాలని బయలుదేరినవారు మూడు నెలల్లో అలసిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఒక రోడ్డు, ఒక మురుగు కాలువ, ఒక నీటి ట్యాంకు, ఇలా కంటికి కనిపించేది, టేపుతో కొలవగలిగేది ఏదో ఒకటి తీసుకోండి. అది రెండు మూడేళ్ల కంటే పాతది కాకపోవడం మంచిది. ఎందుకంటే పాత పనుల మీద "తర్వాత కొట్టుకుపోయింది" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ఆ పని పేరును రికార్డులో ఉన్నది ఉన్నట్టుగా పట్టుకోవాలి. మన దగ్గర పనుల పేర్లు "రామాలయం నుండి మెయిన్ రోడ్డు వరకు సీసీ రోడ్డు" అనో, ఫలానా వారి ఇంటి నుండి ఫలానా వారి ఇంటి వరకు అనో ఉంటాయి. ఒకే వీధికి రెండు వేర్వేరు సంవత్సరాల్లో రెండు వేర్వేరు పథకాల కింద ఇలాంటి పేర్లే ఉండవచ్చు. నేను మొదటిసారి ఒక కాలువ లెక్క తీసినప్పుడు పని సంఖ్యను సరిచూసుకోకుండా, పక్క వీధి కాలువకు చెల్లించిన మొత్తాన్ని ఈ కాలువకు అంటగట్టాను. తప్పు తెలిశాక అందరి ముందూ సరిదిద్దుకున్నాను గానీ, ఆ తర్వాత ఆరు నెలలపాటు ఆ ఊళ్లో నేను ఏ కాగితం చూపించినా నమ్మినవారు లేరు. కాబట్టి పని పేరుతోపాటు పని సంఖ్యను, ఆర్థిక సంవత్సరాన్ని, పథకం పేరును మొదటి రోజే ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

ప్రభుత్వ లెక్కను వెతకండి

గ్రామ పంచాయతీ నిధులకు సంబంధించి మొదట చూడవలసింది 2020 ఏప్రిల్ 24న కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ప్రారంభించిన ఇగ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటు. అందులో నివేదికల విభాగంలోకి వెళ్లి రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామ పంచాయతీ, ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటే, ఆ ఏడాది ఊరి ప్రణాళికలో ఏ పనులు పెట్టారో, ఏ పథకం కింద ఎంత వచ్చి ఎంత ఖర్చయిందో కనిపిస్తుంది. ఫోనులో చూసేవారికి మేరీ పంచాయత్ యాప్ ఉంది. ప్రణాళికలో లేని పనికి చెల్లింపు జరగడం, ఒకే పనికి రెండు చెల్లింపులు ఉండడం, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి చివరి వారంలో వరుసగా పెద్ద మొత్తాలు వెళ్లిపోవడం, ఇవి ఆగి చూడవలసిన చోట్లు. వీటిలో ఏదీ దానంతట అదే నేరం కాదు. అయినా ఏ ఓచరు అడగాలో అవి మీకు చెబుతాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఇందులో 60 శాతం కట్టుబడి నిధులు: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి మాత్రమే వాడాలి. మిగిలిన 40 శాతాన్ని పంచాయతీ తన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ, జీతాలకు వాడకూడదు. అందువల్ల పారిశుద్ధ్యం పద్దు కింద వచ్చిన సొమ్ముతో మరేదో కొన్నట్టు ఓచరు ఉంటే, ఆ వస్తువు నిజంగా కొన్నా, ధర సరిగ్గానే ఉన్నా, అది నిబంధనల ఉల్లంఘనే. టేపు పట్టుకుని నేల మీదికి వెళ్లకుండానే, ఇంట్లో కూర్చుని పట్టుకోగలిగిన తేడా ఇది.

పల్లెల్లో సీసీ రోడ్లు చాలావరకు ఉపాధి హామీ పథకం సామగ్రి నిధులతో వేసినవి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద జరిగిన పనుల మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), కూలి చెల్లింపులు, సామగ్రి బిల్లులు పథకం వెబ్‌సైటులో పంచాయతీల వారీగా ఉంటాయి. మస్టరులోని పేర్లను ఊళ్లో తెలిసిన ఇద్దరితో కలిసి చదవండి. చనిపోయినవారు, పెళ్లయి వెళ్లిపోయినవారు, గల్ఫ్‌లో ఉన్నవారు ఆ వారం పనికి వచ్చినట్టు రాసి ఉంటే, ఆ సంగతి ఊరివాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు. హైదరాబాదులో కూర్చున్న ఏ ఆడిటరుకూ అది సాధ్యం కాదు. 2023 జనవరి నుంచి పని స్థలంలో ఫోటోతో హాజరు వేయడాన్ని తప్పనిసరి చేశారు. అయితే ఆ పద్ధతిలోనూ పనికి సంబంధం లేని ఫోటోలు, ఫోటోను మళ్లీ ఫోటో తీసినవి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. కాబట్టి ఫోటో ఉంది కదా అని సరిపెట్టుకోకుండా దాన్ని తెరిచి చూడండి; మస్టరులో ఎందరు పేర్లున్నాయో, ఫోటోలో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టండి.

చూసిన ప్రతి పేజీని చూసిన రోజే భద్రపరచండి

ప్రభుత్వ వెబ్‌సైటులోని అంకెలు మారతాయి. కొన్నిసార్లు న్యాయమైన సవరణ వల్ల, కొన్నిసార్లు ఎవరో అడుగుతున్నారని తెలిసినందువల్ల. అందుకే చిరునామా పట్టీ, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచండి. వీలైతే వెబ్ పేజీల పాత ప్రతులను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ లింకును ఎక్కించి ప్రతిని నిలపండి. జిల్లా, మండలం ఎంచుకుంటే తప్ప తెరుచుకోని పేజీలు అక్కడ సరిగా నిలవకపోవచ్చు. అలాంటప్పుడు మొదటి పేజీ నుంచి చివరి అంకె వరకు తెర మీద జరిగేదంతా ఒకే వీడియోగా రికార్డు చేయడం మేలు.

నేల మీద కొలవండి

టేపు, స్కేలు, నోటుపుస్తకం, ఊళ్లో మంచి పేరున్న ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. గుడి, బడి వంటి ఎవరైనా గుర్తుపట్టగల చోట వీడియో మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా రోడ్డు చివరి వరకు తీయండి. ఫోను కెమెరాలో లొకేషన్ నమోదును ముందే ఆన్ చేసుకోండి. పొడవును ఒకసారి, వెడల్పును కనీసం మూడు చోట్ల, అంచు దగ్గర మందాన్ని మూడు నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి.

ఉదాహరణకు, ఎస్టిమేటులో (పని అంచనా పత్రంలో) 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం రాశారనుకుందాం. అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. పొడవు, వెడల్పు సరిగ్గానే ఉండి మందం 10 సెంటీమీటర్లే ఉంటే, నేల మీద ఉన్నది 30 ఘనపు మీటర్లు. చూపుకు రోడ్డు పూర్తిగానే ఉంటుంది, నడవడానికీ బాగానే ఉంటుంది, కానీ మూడో వంతు కాంక్రీటుకు బిల్లు అయింది గానీ కాంక్రీటు రాలేదు. సీసీ రోడ్ల దొంగతనం పొడవులో కంటే మందంలో ఎక్కువగా దాగుతుంది. పైనుంచి తీసిన ఫోటోకు అది అందదు. అయితే అంచు దగ్గరి కొలత మధ్యలోని మందాన్ని నిరూపించదన్న సంగతి మరవకండి. దాన్ని తేల్చేది కోర్ కటింగ్ పరీక్ష, అంటే యంత్రంతో రోడ్డులోంచి కాంక్రీటు ముక్కను గుండ్రంగా కోసి తీసి చూడడం. అది క్వాలిటీ కంట్రోల్ విభాగం చేయవలసిన పని. మీరు గునపం పట్టుకుని రోడ్డును తవ్వితే కేసు మీ మీదే పడుతుంది.

తీసిన ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి కుదించుకుపోయి, లొకేషన్, సమయం వివరాలు పోతాయి. పంపవలసి వస్తే డాక్యుమెంటుగా పంపండి. అసలు ఫైళ్లను తీసిన ఫోనులోనే ఉంచి, వేరొక చోట ప్రతులు దాచండి. భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందు పెట్టడానికి ధ్రువపత్రం కావాలి. అసలు పరికరం, అసలు ఫైలు మీ దగ్గర లేకపోతే ఆ ధ్రువపత్రం ఇవ్వడం కష్టమవుతుంది.

కాగితాన్ని చట్టప్రకారం అడగండి

వెబ్‌సైటులో మొత్తం కనిపిస్తుంది. ఆ మొత్తం ఏ కొలతల మీద చెల్లించారో కనిపించదు. ఆ కొలతలు ఎం.బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఉంటాయి. దాన్ని రప్పించే మార్గం 2005 సమాచార హక్కు చట్టం. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే ఏమీ కట్టనక్కర్లేదు. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఒక హెచ్చరిక: కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ ఆర్టీఐ పోర్టల్ కేంద్ర కార్యాలయాలకు మాత్రమే. అందులో మీ మండల కార్యాలయం గురించి అడిగితే దరఖాస్తు తిరిగి వస్తుంది, కట్టిన రుసుము రాదు.

"రోడ్డు ఇంత నాసిరకంగా ఎందుకు వేశారు?" అని అడగకండి. చట్టం ప్రకారం సమాచారమంటే రికార్డులో ఉన్నది. మీ ప్రశ్నకు అభిప్రాయం చెప్పవలసిన బాధ్యత అధికారికి లేదు. పత్రాలను పేరుపెట్టి అడగండి. ఇలా రాయవచ్చు:

"ఫలానా ఆర్థిక సంవత్సరంలో, ఫలానా పథకం కింద, ఫలానా పని సంఖ్యతో మా గ్రామంలో జరిగిన సీసీ రోడ్డు పనికి సంబంధించిన పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, ఎస్టిమేటు, కొలతల పుస్తకంలోని సంబంధిత పుటలు, చెల్లింపు ఓచర్లు, నాణ్యత పరీక్ష నివేదికల ధ్రువీకృత నకళ్లు ఇప్పించగలరు. సెక్షన్ 2(జె) కింద ఆ రికార్డులను, పని స్థలాన్ని తనిఖీ చేసుకునేందుకు, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనా తీసుకునేందుకు తేదీ, సమయం తెలుపగలరు."

చివరి వాక్యాన్ని వదిలేయకండి. నకళ్లు ఇవ్వడంలో జాప్యం చేయడానికి సవాలక్ష సాకులు ఉంటాయి. పుస్తకం ముందు పెట్టి చూపించడానికి అన్ని ఉండవు. మొదటి గంట తనిఖీకి రుసుము కూడా లేదు.

30 రోజుల్లో సమాధానం రావాలి. దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వవలసిందే. సమాధానం రాకపోయినా, అసంతృప్తిగా ఉన్నా మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి రాయండి. ఆయన 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలి. ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషనుకు రెండో అప్పీలు. కారణం లేకుండా సమాచారం ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేసే అధికారం కమిషనుకు ఉంది. ఉన్నా, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు: తెలంగాణ సమాచార కమిషను 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనరు కూడా లేకుండా ఖాళీగా ఉంది. ఆ రెండేళ్లలో రెండో అప్పీలు చేసుకున్న పౌరుడి బాధ నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

"ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వము" అన్న జవాబు ఈమధ్య ఎక్కువైంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)ను సవరించి ఆ సాకును బలపరిచింది. అప్పీలులో రెండు విషయాలు రాయండి. ప్రజా ప్రయోజనం ఎక్కువైనప్పుడు సమాచారం ఇవ్వవచ్చని చెప్పే 8(2) ఇంకా చట్టంలోనే ఉంది. సబ్సిడీ కార్యక్రమాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే కార్యాలయం తనంత తాను వెల్లడించాలని చెప్పే 4(1)(బి) కూడా ఉంది.

పోస్టుకు ముందు ఫిర్యాదు

ఇప్పుడు మీ చేతిలో ఎస్టిమేటు, ఎం.బుక్ నకలు, మీ కొలతలు ఉన్నాయి. వాటిని ఒక పుట పట్టికగా రాయండి: రికార్డులో ఎంత, నేల మీద ఎంత, తేడా ఎంత. ఆ పట్టికను పంచాయతీ కార్యదర్శికి, పని చూసిన ఇంజనీరుకు పంపి, వారంలోగా వివరణ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇది వారికి దక్కవలసిన న్యాయం. రికార్డులో 100 మీటర్లు ఉండి నేల మీద 62 మీటర్లే దొరికాయనుకుందాం; మిగిలిన 38 మీటర్లను మీకు తెలియని పక్క సందులో వేసి ఉండవచ్చు, దానికి సవరించిన ఎస్టిమేటు కూడా ఉండవచ్చు.

వివరణ సరిపోకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే కార్యక్రమంలో, అంటే తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అర్జీ ఇచ్చి రశీదు సంఖ్య తీసుకోండి. నేరుగా లంచం అడిగినప్పుడు దారి వేరు. అప్పుడు ఏ పోస్టూ పెట్టకుండా ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) చెప్పాలి. తెలంగాణలో ఆ టోల్‌ఫ్రీ సంఖ్య 1064. ముందే ప్రచారమైతే వలపన్ని పట్టుకునే అవకాశం పోతుంది. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం లంచం ఇచ్చినవారినీ శిక్షిస్తుంది. బలవంతం మీద ఇచ్చి ఉంటే, ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పితేనే రక్షణ ఉంటుంది. బెంగళూరులో జనాగ్రహ సంస్థ 2010లో ప్రారంభించిన ఐ పెయిడ్ ఎ బ్రైబ్ వంటి వెబ్‌సైట్లలో పేరు చెప్పకుండా అనుభవం రాయడం వల్ల ఏ కార్యాలయంలో రేటు ఎంత నడుస్తోందో లోకానికి తెలుస్తుంది. కానీ అది చట్టం దృష్టిలో ఫిర్యాదు కాదు, ఆ ఏడు రోజుల గడువును ఆపదు.

ఇప్పుడు అందరి ముందూ పెట్టండి

అర్జీ సంఖ్య చేతికి వచ్చాక పోస్టు రాయండి. "దొంగలు" అన్న మాట వద్దు. "రికార్డులో 100 మీటర్లు, నేల మీద 62 మీటర్లు, అర్జీ సంఖ్య ఇది, ఇచ్చిన తేదీ ఇది, అధికారుల వివరణ ఇది" అని రాయండి. పరువు నష్టం నేరం నుంచి భారతీయ న్యాయ సంహిత ఇచ్చే మినహాయింపు నిలవాలంటే చెప్పింది నిజం కావాలి, ప్రజా ప్రయోజనం కోసం చెప్పినదీ కావాలి. కులం, పార్టీ ప్రస్తావన ఒక్కటి దూరినా మీ పట్టిక పక్కకు పోయి ఆ గొడవే మిగులుతుంది. మస్టర్లు పెట్టేటప్పుడు కూలీల జాబ్‌కార్డు, బ్యాంకు ఖాతా, ఆధార్, ఫోను సంఖ్యలను పూర్తిగా చెరిపివేయండి. వారి పేరు మీద డబ్బు తీసింది వేరొకరు. అల్లరి పాలయ్యేది వారు కాకూడదు. పత్రాలన్నీ ఎవరైనా తెరవగల ఒక లింకులో ఉంచి, ఆ లింకును పోస్టులో ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో పెట్టింది వారానికే కిందికి వెళ్లిపోతుంది.

ఆన్‌లైన్‌లో పెట్టిన దాన్ని గ్రామసభలో గట్టిగా చదవండి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే ప్రజా సంఘం 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో మొదటి జన సునవాయి (బహిరంగ విచారణ) జరిపినప్పుడు చేసింది అదే: ఎంతో కష్టపడి సంపాదించిన పనుల లెక్కలను ఊరి జనం ముందు చదివి వినిపించారు. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని, అంటే పనుల లెక్కలను ఊరి జనంతో కలిసి సరిచూడడాన్ని, ప్రభుత్వ పద్ధతిగానే తెచ్చి, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి ఆ చదువును కొనసాగించింది. ఫోను లేని ముసలమ్మ "ఆ వారం నేను పనికే పోలేదయ్యా" అని లేచి చెప్పే మాట ఏ లింకులోనూ దొరకదు. మీ ఊళ్లో సామాజిక తనిఖీ బృందం వచ్చే తేదీ తెలుసుకుని మీ పట్టికను వారికీ ఇవ్వండి.

మీ క్షేమం

బంగారు చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలను రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యారు. తన పేరు గోప్యంగా ఉంచమని ఆయన కోరారు, ఉంచలేదు. గుజరాత్‌లో అక్రమ గనుల తవ్వకాన్ని ప్రశ్నించిన సమాచార హక్కు కార్యకర్త అమిత్ జెఠ్వాను 2010 జులైలో హైకోర్టు ఎదుటే కాల్చి చంపారు. అక్రమాలను బయటపెట్టేవారిని కాపాడడానికి 2014లో ఆమోదించిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టాన్ని ఇప్పటికీ అమలులోకి తేలేదు. భయపెట్టడానికి కాదు, ఒంటరిగా వెళ్లవద్దని చెప్పడానికి ఈ పేర్లు రాస్తున్నాను. ఒకే పని మీద ముగ్గురు నలుగురు వేర్వేరుగా సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. పత్రాల ప్రతిని వేరే ఊళ్లో ఉన్న నమ్మకస్తుడి దగ్గర ఉంచండి. హైదరాబాదులోనో విదేశంలోనో ఉన్న మీ ఊరి పిల్లలకు అప్పగించదగిన పని ఇది. దరఖాస్తులో ఇంటి చిరునామాకు బదులు పోస్టు బాక్సు సంఖ్య ఇవ్వవచ్చని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. ఆరోపణ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మీద అయితే, కవరు మీద పీఐడీపీఐ (ప్రజా ప్రయోజనం కోసం సమాచారమిచ్చేవారికి రక్షణనిచ్చే ఏర్పాటుకు ఇంగ్లీషు పొట్టిపేరు) అని రాసి కేంద్ర విజిలెన్స్ కమిషనుకు పోస్టులో పంపండి. పేరు, చిరునామా లోపలి ఉత్తరంలోనే ఉండాలి. వాటిని కమిషను గోప్యంగా ఉంచుతుంది. రాష్ట్ర ఉద్యోగులకు ఈ ఏర్పాటు వర్తించదు.

తేలిన తర్వాత

విచారణలో తప్పు రుజువై, రికవరీకి ఉత్తర్వు వచ్చిన రోజున చాలామంది పోస్టు పెట్టి సంతోషించి ఆగిపోతారు. సామాజిక తనిఖీల్లో తేలిన సొమ్ములో నిజంగా వసూలైంది కొద్ది భాగమే. ఉత్తర్వు నకలు తీసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ ఇగ్రామ్‌స్వరాజ్ తెరిచి, ఈసారి చెల్లింపుల వైపు కాకుండా జమల వైపు చూడండి. ఆ మొత్తం పంచాయతీ ఖాతాలో పడినట్టు కనిపించకపోతే, "ఫలానా ఉత్తర్వు ప్రకారం వసూలైన మొత్తం, జమ చేసిన తేదీ, చలాను నకలు" అని అడుగుతూ అదే కార్యాలయానికి మరో దరఖాస్తు పెట్టండి.